బొంబాయి పెద్ద స్టేషను ఎవరు కట్టారు?



పోయిన డిసెంబరులో మన ఖోఖో టీము ముంబయి వెళ్ళొచ్చిన సంగతి మీకు తెలిసిందే. ఆటలో ఏం జరిగిందో కూడా తెలుసు గనుక దాని గురించి నేను రాయను. వెళ్ళినప్పుడు తెల్లవారుజామున చీకట్లో రైలు దిగి, నిద్రకళ్ళతో బస్సెక్కేశాం. ఏమీ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మా రైలు ఐదు గంటలు లేటు. ఊరికే కూర్చోవడం ఎందుకని పి.ఇ.టి. మేడమ్ మమ్మల్ని ఇద్దరిద్దరిగా చేతులు పట్టించి స్టేషను లోపలా బయటా తిప్పి చూపించారు. రోడ్డుకి అవతల నిలబడి చూస్తే అది స్టేషనులా లేదు. కథల పుస్తకంలో రాజుగారి కోటలా ఉంది.

వచ్చాక సోషల్ మేడమ్ గారిని అడిగాను. లైబ్రరీలో ఉన్న పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్నది మీకు చెబుతున్నా. తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దగలరు.

అయితే ముందు మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. మన కొత్త డార్మెటరీ కట్టేటప్పుడు మా నాన్న సెంట్రింగు పనికి వచ్చాడు. నాలుగు నెలలు రేకుల షెడ్డులో పడుకున్నాడు. ప్రారంభోత్సవం అయిపోయాక ఒక ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చి, గుమ్మం పక్కన అతికించిన నల్లరాయి ముందు నిలబడ్డాడు. "ఏం రాశారమ్మా, చదువు" అన్నాడు. చదివాను. అన్నీ పెద్దవాళ్ళ పేర్లు. ఆఖర్న కాంట్రాక్టరు పేరు. "అంతేనా?" అన్నాడు. "అంతే నాన్నా" అన్నా. ఆయన నవ్వి, గోడని అరచేత్తో తట్టి, "గట్టిగానే ఉందిలే" అన్నాడు.

ముంబయి స్టేషను ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అందుకే "ఇది ఎప్పుడు కట్టారు" అని కాక, "ఎవరు కట్టారు" అని అడిగాను.

స్టేషనుకి ఎన్ని పేర్లు!

అక్కడ మొదట ఉన్న చిన్న స్టేషను పేరు బోరీ బందర్. బందరు అంటే రేవు. మన మచిలీపట్నాన్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ బందరు అంటారు గదా, అదే మాట. మన దేశంలో ప్రయాణికుల మొదటి రైలు అక్కడి నుంచే బయల్దేరింది. 1853 ఏప్రిల్ 16న మధ్యాహ్నం మూడున్నరకి, 21 ఫిరంగులు పేలుస్తుంటే, 14 పెట్టెల్లో 400 మంది ఎక్కి ఠాణే దాకా 34 కిలోమీటర్లు వెళ్ళారు. మూడు ఇంజన్లు లాగాయి. వాటి పేర్లు సాహిబ్, సింధ్, సుల్తాన్. ఇంజన్ల పేర్లు కూడా ఇన్నేళ్ళు నిలిచాయి, చూడండి.

తర్వాత రద్దీ పెరిగింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే అనే కంపెనీ పెద్ద స్టేషనూ, తన ఆఫీసూ ఒకేచోట ఉండేలా కొత్త భవనం మొదలుపెట్టింది. పని 1878లో మొదలై పదేళ్ళు సాగింది. 1887లో ఇంగ్లండు రాణి విక్టోరియా సింహాసనం ఎక్కి 50 ఏళ్ళయిందని ఆమె పేరు పెట్టి విక్టోరియా టెర్మినస్ అన్నారు. టెర్మినస్ అంటే పట్టాలు ఆగిపోయే చివరి స్టేషను. 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అని మార్చారు. 2017లో మహారాజ్ అనే మాట కూడా చేర్చారు. అయినా అక్కడి వాళ్ళు వీటీ అనో, సీఎస్టీ అనో అంటూనే ఉన్నారు. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

ఆకారం ఎలా ఉంటుంది?

పైనుంచి చూస్తే భవనం ఇంగ్లీషు సి అక్షరంలా ఉంటుందట. మధ్యలో పెద్ద భాగం, రెండు పక్కలా రెండు రెక్కలు, వాటి మధ్య రోడ్డు వైపు తెరుచుకున్న వాకిలి. మన ఊళ్ళో ఇంటికి రెండు పక్కలా పంచలు దింపి మధ్యలో వాకిలి వదులుతారు గదా, అదే ఊహ. కాకపోతే ఇది రాతితో కట్టింది. మూలల్లో బురుజులున్నాయి. నడిమి భాగం మీద ఎత్తైన గుమ్మటం. ఎటునుంచి చూసినా కన్ను ఆ గుమ్మటం మీదికే పోతుంది.

గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఇంకో పక్క పులి కూర్చున్నాయి. సింహం అంటే ఇంగ్లండు, పులి అంటే మన దేశం అని గుర్తు. పులి మనది అనగానే మా టీము అంతా చప్పట్లు కొట్టాం. మేడమ్ కోప్పడ్డారు.

ఈ పద్ధతి కట్టుబడిని విక్టోరియా కాలపు గోథిక్ అంటారు. అందులో కమానులు గుండ్రంగా కాక, పైన మొన తేలి ఉంటాయి. ఎందుకలా? గుండ్రటి కమాను మీద బరువు పెడితే అది గోడల్ని పక్కలకి గట్టిగా తోస్తుంది. మొనకమాను బరువుని ఎక్కువగా కిందికి దింపుతుంది, పక్కలకి తక్కువ తోస్తుంది. రెండు వెదురుబద్దలు తీసుకుని చూడండి. బాగా వంచి గుండ్రంగా పెడితే కాళ్ళు జారిపోతాయి. నిటారుగా నిలబెట్టి పైన కొనలు కలిపి కడితే నిలబడతాయి. అదే కిటుకు. అందుకే మొనకమానులు ఎత్తుగా కట్టొచ్చు, గాలీ వెలుతురూ బాగా వస్తాయి.

చూరు దగ్గర జంతువుల మొహాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. మొదట దిష్టిబొమ్మలనుకున్నా. కప్పు మీద పడ్డ వాన గోడలమీదికి కారకుండా దూరంగా పోవడానికి ఇలాంటివి పెడతారట. ముంబయి వానల సంగతి తెలిసినవాళ్ళే అలా కడతారు. మన తాటాకు ఇంటికి చూరు ముందుకి దింపడం కూడా అందుకే గదా.

సెంట్రింగు లేని గుమ్మటం

ఇది మా నాన్నకి బాగా నచ్చిన సంగతి. సెంట్రింగు అంటే ఏంటో మనందరం చూశాం. స్లాబు పోసేముందు కింద చెక్కలు, సరుగుడు బాదులు పెడతారు. కాంక్రీటు గట్టిపడ్డాక తీసేస్తారు. రాతి గుమ్మటం కట్టేటప్పుడు కూడా మామూలుగా కింద చెక్క చట్రం ఉండాలి. ఆఖరి రాయి పడేదాకా ఆ చట్రమే బరువు మోస్తుంది.

ఈ స్టేషను గుమ్మటానికి ఎనిమిది పలకలు. వాటి మధ్య పక్కటెముకల్లాంటి రాతి దూలాలు పైదాకా పోతాయి. వాటిని సెంట్రింగు లేకుండానే లేపారు. ఎలాగంటే, ఒక రాయి కొన ఇంకో రాయి గాడిలో ఇరుక్కునేలా చెక్కారు. వడ్రంగి మావయ్య పెట్టె మూలలు మేకుల్లేకుండా పళ్ళు పళ్ళుగా కలుపుతాడే, అలా. ఒక వరస పూర్తికాగానే అది తన బరువు తనే మోస్తుంది, పైవరసకి ఆధారం అవుతుంది. ఆ రోజుల్లో అది చాలా గొప్ప పనిగా చెప్పుకున్నారు.

సంక్రాంతి సెలవుల్లో మా నాన్నకి ఇది చెప్పా. ఆయన చాలాసేపు ఆలోచించి, "సెంట్రింగు లేకపోతే మనిషి ఎక్కడ నిలబడ్డాడు?" అన్నాడు. పుస్తకాలు రాళ్ళ గురించి చెప్పాయిగానీ, ఆ ఎత్తులో నిలబడ్డ కాళ్ళ గురించి చెప్పలేదు.

గుమ్మటం కొన మీద ఒక స్త్రీ బొమ్మ ఉంది. పేరు ప్రగతి. కుడిచేతిలో పైకెత్తిన కాగడా, ఎడమచేతి దగ్గర ఆకుల చక్రం. అన్నిటికంటే పైన ఆడమనిషిని నిలబెట్టారు, అది నాకు నచ్చింది.

రాతి మీద అడవి

నాకు అన్నిటికన్నా నచ్చింది టిక్కెట్ల హాలు. ఉత్తరం వైపు రెక్కలో, కింది అంతస్తులో ఉంది. దాన్ని స్టార్ చాంబర్, అంటే చుక్కల గది అంటారు. పైకప్పుకి నీలం రంగు, దాని మీద బంగారు చుక్కలు. ఇటలీ నుంచి తెచ్చిన పాలరాయి, నున్నగా చేసిన మన దేశపు నీలిరాయి అక్కడ వాడారు. ఇప్పటికీ అక్కడ టిక్కెట్లు ఇస్తున్నారు. జనం తలెత్తి చూడకుండా పరిగెత్తుతున్నారు. మేమొక్కళ్ళమే నోరు తెరిచి పైకి చూస్తూ నిలబడ్డాం.

ఆ కమానుల మీద, స్తంభాల తలల మీద అంతా ఆకులు, తీగలు, పూలు, నెమళ్ళు, కోతులు. ఆకు ఈనెలు కూడా కనబడతాయి. ఆ ఆకుల్ని చూసి చెక్కినవాడు తప్పకుండా ఆకుని చేత్తో పట్టుకుని చూసి ఉంటాడు. ఇంత నగిషీ పని ఎవరు చేశారని అడిగితే, బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు చేశారని సోషల్ మేడమ్ చెప్పారు. విద్యార్థులు! అంటే మనలాంటి పిల్లలే, కాస్త పెద్దవాళ్ళు.

ఎవరి పేర్లున్నాయి?

ప్లాను గీసిన ఇంజనీరు పేరు ఉంది. ఆయన ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. 1847లో ఇంగ్లండులో పుట్టాడు, ఇరవై ఏళ్ళకి మన దేశం వచ్చాడు. ఈ పని ఒప్పుకున్నాక పది నెలలు యూరపు తిరిగి అక్కడి స్టేషన్లు చూసొచ్చాడు. 1868లో తెరిచిన లండను సెయింట్ పాంక్రాస్ స్టేషనుకీ దీనికీ పోలికలున్నాయంటారు. 1900లో బొంబాయిలోనే చనిపోయాడు.

పైనున్న ప్రగతి బొమ్మ చేసిన శిల్పి థామస్ ఎర్ప్ పేరు ఉంది. స్టీవెన్స్ కింద పనిచేసిన మన దేశపు ఇంజనీరు సీతారామ్ ఖండేరావు పేరు పుస్తకాల్లో ఉంది. కంపెనీ పెద్దల మొహాలు గోడమీద రాతిలో చెక్కి ఉన్నాయి. వాళ్ళలో మనవాళ్ళు జంషెట్జీ జీజీభాయ్, జగన్నాథ్ శంకర్‌శేట్ ఉన్నారు. గడియారం కింద విక్టోరియా రాణి విగ్రహం ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని తీసేశారు.

రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు, సున్నం కలిపినవాళ్ళ పేర్లు మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. పదేళ్ళ పని. ఎంతమంది ఆడవాళ్ళు తట్టలు మోసుంటారు, వాళ్ళ పిల్లలు ఇసక కుప్పల పక్కన ఆడుకునుంటారు.

మన తెలుగువాళ్ళ సంగతి కూడా ఒకటి ఉంది. ఆ కాలంలో నిజాం రాజ్యం నుంచి తెలుగువాళ్ళు చాలామంది కట్టుబడి పనులకి బొంబాయి వలసపోయారు. వాళ్ళని అక్కడ కామాఠీలు అనేవాళ్ళు. ఒక పేటకి ఆ పేరే వచ్చింది. అందరికీ కలిపి ఒక పేరు మిగిలింది, మనిషి మనిషికి మిగల్లేదు.

స్టేషను దాకా వచ్చిన దారి

స్టేషను ఎంత పెద్దదైనా పట్టాలు లేకపోతే ఉత్త ఇల్లే గదా. మన వైపు నుంచి ముంబయి పోయే రైలు పూణె దాటాక భోర్ ఘాటు దిగుతుంది. అన్నీ సొరంగాలే. మేము ప్రతి సొరంగంలో కేకలు పెట్టాం. ఇప్పుడు ఆ సంగతి తల్చుకుంటే సిగ్గుగా ఉంది. ఎందుకంటే 1863లో పూర్తయిన ఆ ఘాటు పనిలో ఒక దశలో 40 వేలకి పైగా కూలీలు పనిచేశారు. కలరా వచ్చీ, మందుగుండు పేలీ, కొండమీంచి జారీ వేలమంది చచ్చిపోయారు. కాంట్రాక్టరు సాలమన్ ట్రెడ్‌వెల్ కూడా 1859లో వచ్చిన కొద్దిరోజులకే చనిపోతే, ఆయన భార్య ఆలిస్ ఆ కాంట్రాక్టు తన చేతుల్లోకి తీసుకుంది. ఆమె పేరు ఉంది. కూలీలది లెక్క ఉంది, పేరు లేదు.

పట్టాల కింద అడ్డంగా వేసే దుంగల్ని స్లీపర్లు అంటారు. ఒక మైలు పట్టాకి 1,760 నుంచి 2,000 దాకా కావాలి. ఇప్పుడు సిమెంటువి వేస్తున్నారు. అప్పుడన్నీ టేకు, సాల లాంటి చెట్లే. చెట్లు అయిపోతున్నాయని ఇంగ్లీషు ప్రభుత్వం 1864లో అటవీశాఖ పెట్టింది. తర్వాత 1865లో ఒక చట్టం, 1878లో ఇంకో గట్టి చట్టం చేసింది. 1878 అంటే ఈ స్టేషను పని మొదలైన ఏడాదే! మనది మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి మనకి వేరే చట్టం 1882లో వచ్చింది. ఆ చట్టాల వల్ల పోడు కొట్టడం, కట్టె తెచ్చుకోవడం అడవిలో ఉన్నవాళ్ళకే నేరమైపోయింది. మధ్యలో 1879లో మన రంప కొండల్లో పితూరి లేచింది. కల్లు చెట్ల మీద పన్నులు, పోలీసుల జులుం, షావుకార్ల మోసాలు భరించలేక మన పెద్దలు తిరగబడ్డారు. అదే సమయంలో ముంబయిలో ఆ స్టేషను గోడలు లేస్తున్నాయి.

స్టేషను మీద నాకు కోపం లేదు. అంత అందమైనదాన్ని చూసి కోపం రాదు. రాతి మీద ఆకులు చెక్కించిన కాలమే అడవిలో ఆకు కోసుకోవద్దని కూడా చెప్పింది. రెండూ కలిపి తెలుసుకోవాలని రాస్తున్నా.

ఇప్పటి స్టేషను

మన దేశంలో మొదటి కరెంటు రైలు కూడా ఇక్కడి నుంచే నడిచింది, 1925 ఫిబ్రవరి 3న, కుర్లా దాకా. ఇప్పుడు 18 ప్లాట్‌ఫారాలున్నాయి. మధ్య రైల్వే పెద్ద ఆఫీసు ఈ భవనంలోనే ఉంది.

2008 నవంబరు 26 రాత్రి ఉగ్రవాదులు ఇక్కడ తుపాకులతో కాల్చారు. ఈ ఒక్క స్టేషనులోనే 50 మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి మైకు దగ్గర ఉన్న అనౌన్సరు విష్ణు జెండే పారిపోకుండా, ఎటు వెళితే ప్రాణం దక్కుతుందో మైకులో చెబుతూనే ఉన్నాడు. ఆయన మాట విని చాలామంది బయటపడ్డారు. మేము ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు మైకులో గొంతు వినబడితే అందరం తలెత్తాం. మాకు మరాఠీ రాదు. అయినా శ్రద్ధగా విన్నాం.

చివరి మాట

రాయి కొట్టినవాళ్ళ పేర్లు ముంబయిలో ఇప్పుడు వెతికినా దొరకవు. నూట ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. మన డార్మెటరీ మాత్రం నిన్న మొన్న కట్టిందే. కట్టినవాళ్ళు ఇంకా మన ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది మన అమ్మలు, నాన్నలు, మావయ్యలు, పిన్నులు.

అందుకని ఈ గోడపత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను. మన బడిలో ఏ పనైనా, పునాది తవ్వడం, ఇటుకలు మోయడం, సున్నం వెయ్యడం, బోరు దింపడం, మీ ఇంటివాళ్ళు చేసి ఉంటే వాళ్ళ పేరూ, చేసిన పనీ రాయండి. మొదటి పేరు నేనే రాశాను. మా నాన్నది, సెంట్రింగు. దాని కింద సిమెంటు తట్టలు మోసిన మా పిన్నిది. రాయడం రానివాళ్ళుంటే చిన్నక్లాసు చెల్లెళ్ళు కూడా నన్ను అడగొచ్చు, నేను రాసిపెడతాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. వచ్చే నెల కొత్త గోడపత్రిక పెట్టేటప్పుడు ఇది తీసెయ్యండి, పర్వాలేదు. కింది కాగితం మాత్రం చింపకుండా ఆఫీసు బీరువాలో దాచగలరు. మా నాన్న ఈసారి వచ్చినప్పుడు "అంతేనా?" అని అడిగితే, "ఇంకా ఉంది నాన్నా" అని చదివి వినిపించాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని